పాప తల మీద చెయ్యి

చిరంజీవి పెద్దోడికి అమ్మ దీవించి రాయునది.

నీకూ, కోడలికీ, ఇంకా పేరు పెట్టని నా మనవరాలికీ ప్రభువు తోడుగా ఉండుగాక. ఇక్కడ మేమిద్దరం తింటున్నాం, పడుకుంటున్నాం, పనికి వెళ్ళి వస్తున్నాం. లోకం దాన్నే క్షేమం అంటుంది కాబట్టి మేం క్షేమమే. మీరు ముగ్గురూ అంతకంటే కాస్త బాగుండాలని నా కోరిక.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైందని అలగకు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఈ రెండు గదుల ఇంట్లో నేను దగ్గితే మీ నాన్నకు వినిపిస్తుంది. ఆయన చెవిన పడకూడని మాటలకు కాగితమే దిక్కు. ఈరోజు ఆయన ఏదో స్కూలు కిటికీలకు అద్దాలు బిగించే పనికి వెళ్ళాడు. నాకు బేకరీకి సెలవు. వంటింట్లో బల్ల ముందు కూర్చుని రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటిలో పెద్దది ఒకటుంది. పాపను మీ సంఘం ముందుకు తీసుకెళ్ళే రోజున ఇంటి పెద్ద ఎవరైనా తల మీద చెయ్యి పెట్టి దీవించాలి, ఆ చెయ్యి ఎవరిది కావాలి అని అడిగావు. "నాన్న నిజంగా మారాడని నువ్వు రాస్తే పిలుస్తాను. నాటకమే అని మళ్ళీ రాస్తే ఇక ఆ మాట ఎత్తను, మా మామగారే పెడతారు. నువ్వెలా అంటే అలా" అన్నావు. చదివి మడిచి పెట్టాను. మళ్ళీ తీసి చదివాను. ఎంత తేలిగ్గా తెచ్చి నా నెత్తిన పెట్టావురా! దాని దగ్గరికి వస్తాను. ముందు చిన్నచిన్నవి తేల్చుకుందాం.

మోకాళ్ళ సంగతి అడిగావు. నొప్పి ఎక్కడికీ పోలేదు, నేనూ ఎక్కడికీ పోలేదు, ఇద్దరం సర్దుకుపోతున్నాం. బేకరీకి కొత్త ఓవెన్ వచ్చింది. రొట్టె కాలగానే అదే కూస్తుంది. ఇన్నేళ్ళూ వాసన పట్టి రొట్టె తీసినదాన్ని, ఇప్పుడు అది కూసేదాకా చేతులు కట్టుకుని నిలబడాలట. మొదటిరోజు నేను దానికంటే ముందే తలుపు తీసేశాను. మా యజమాని గుండె పట్టుకున్నాడు. రొట్టె చూశాక నోరు మూసుకున్నాడు. అప్పటినుంచి నేనూ ఆ ఓవెనూ మాట్లాడుకోవడం లేదు.

పాప తుమ్ముతోందని రాశావు. పసిపిల్లలు తుమ్ముతారు, ఎక్కిళ్ళు తీస్తారు, ఊరికే ఉలిక్కిపడతారు. ఊపిరి కూడా ఒక్కోసారి ఆగి ఆగి తీస్తారు. అది మామూలే. కోడలు నిద్రపోయాక నువ్వు ఉయ్యాల పక్కన కూర్చుని పాప ఊపిరి వింటూ ఉంటావని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర నేను ఆగిపోయాను. మామూలే అని ఎంత చెప్పినా నువ్వు కూర్చుంటావు. కూర్చో నాన్నా. నేను వద్దని చెప్పను.

సంఘంలో అందరూ నిన్ను అడుగుతున్నారు. నెలనెలా ప్రభువు బల్లకు సంఘమంతా పంచుకునే రొట్టె ఇప్పటికీ నేనే కాలుస్తున్నాను. మన సంఘం అలవాటు నీకు తెలుసు కదా, ఎవరి మీదైనా మనసులో కోపం పెట్టుకున్నవాళ్ళు రొట్టె పళ్ళెం వస్తే ముక్క తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించెయ్యాలి. నీ చెల్లెలు పిట్ట పోయినప్పటినుంచి నేను అందించేస్తున్నాను. పిండి పిసికేది నేను, కాల్చేది నేను, పళ్ళెంలో ముక్కలు సర్దేది నేను, తీరా నా ముందుకు వచ్చాక దాటించేదీ నేనే. మన రేడియో అక్క ఊరుకుంటుందా? మొన్న గుమ్మం దగ్గరే పట్టుకుంది. "ఏం వదినా, ఈ నెల కూడా ముట్టలేదు? ఉప్పేమైనా ఎక్కువేశావా ఏంటి?" అంది, పదిమందీ వినేలా. "ఉప్పు సరిగ్గానే పడింది, నువ్వు నీ ముక్క అరిగించుకో చాలు" అన్నాను. మీ నాన్న పక్కనే తల దించుకుని నిలబడి ఉన్నాడు. ఎవరి మీద కోపంతో నేను పళ్ళెం దాటిస్తున్నానో ఆ హాల్లో పసివాళ్ళకు కూడా తెలుసు.

తర్వాత పాస్టరుగారు ఇంటికి వచ్చారు. మీ నాన్న పనిలో ఉన్న సమయం చూసుకునే వచ్చారు. టీ ఇచ్చాను. చల్లారిపోయేదాకా కప్పు తిప్పుతూ కూర్చుని, చివరికి నోరు విప్పారు.

"అమ్మా, పశ్చాత్తాపం ఉన్నచోటికి ఆశీర్వాదం దానంతటదే నడిచి వస్తుంది. మీవారిని చూడండి. పడ్డాడు, ఒప్పుకున్నాడు, ఏడ్చాడు. దేవుడు శాంతి ఇచ్చాడు. మీరు కూడా మీ మనసు రాయి చేసుకున్నందుకు ఒక్కసారి ఆయన ముందు ఏడిస్తే..."

"పిల్లను పోగొట్టుకున్నది నేను. పశ్చాత్తాపం కూడా నేనే పడాలా అయ్యగారూ?"

"క్షమించలేకపోవడం కూడా బరువే కదమ్మా."

"బరువే. మోస్తున్నా కదా, నాకు తెలీదా? తప్పు చేసినవాడు ఏడిస్తే దానికో పేరుంది, పైనుంచి బహుమానం ఉంది. వాడి కోసం పరలోకంలో పండగ చేస్తారంటారు. ఏ తప్పూ చెయ్యని దానికి ఏముందో చెప్పండి. నేను దేనికి పశ్చాత్తాపపడి ఆ ఆశీర్వాదం తెచ్చుకోవాలి?"

ఆయన మంచి మనిషి, నోటికొచ్చింది చెప్పేసి చేతులు దులుపుకునే రకం కాదు. "నాకు తెలీదమ్మా" అన్నారు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి వెళ్ళిపోయారు. ఆయన మీద జాలేసింది. నా మీద అంతకంటే ఎక్కువ జాలేసింది.

ఇప్పుడు మీ నాన్న సాక్ష్యం సంగతి. నువ్వెప్పుడూ వినలేదు. ఆయన్ని ఇప్పుడు వేరే సంఘాలవాళ్ళు కూడా పిలుస్తున్నారు. తెల్లచొక్కా వేసుకుని వెళ్తాడు. నిలబడి, "దేవుడు నా బిడ్డను తన దగ్గరికి పిలుచుకుని నా కళ్ళు తెరిపించాడు. తాగుడు విడిపించాడు. ఇప్పుడు నాకు శాంతి ఉంది" అంటాడు. అందరూ స్తోత్రం అంటారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటారు. నేను వెనక వరసలో కూర్చుని ఉంటాను. నా పిల్ల ఆయన కళ్ళు తెరిపించడానికి పుట్టిందా? అంత చిన్న పిల్ల చస్తేనేగాని మూసుకున్న ఆ కళ్ళు తెరుచుకోలేదా?

జరిగింది నీకు తెలియనిది కాదు. అయినా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఆ సాక్ష్యంలో అది లేదు. ఆ సాయంత్రం నీ చెల్లెలికి ఆయాసం మొదలైంది. ఇన్‌హేలర్ నొక్కితే ఉత్త గాలి వచ్చింది. మీ నాన్న అప్పుడే పని నుంచి వచ్చాడు. వీధి చివర మందుల షాపుకు పరుగెత్తమన్నాను. "ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అన్నాడు. షాపులో ఇన్‌హేలర్ కొని జేబులో వేసుకున్నాడు కూడా. తిరిగి వచ్చే దారిలో స్నేహితులు పిలిచారు. ఒక్క గ్లాసే కదా అనుకున్నాడు. నేను పిట్టను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వీపు నిమురుతూ, గుమ్మం వైపు చూస్తూ ఉన్నాను. "నాన్న వస్తున్నాడు, వచ్చేస్తున్నాడు" అంటూనే ఉన్నాను. ఆఖరికి పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. జేబులో ఇన్‌హేలర్‌తోనే గుమ్మం ముందు కూర్చుని నిద్రపోయాడు.

అందుకే ఆయన తాగుడు మానేసినప్పుడు, సంఘం ముందు మోకాళ్ళ మీద పడి ఏడ్చినప్పుడు, నేను నమ్మలేదు. నీకు రాసిన ఉత్తరాల్లో దానికి 'తెల్లచొక్కా నాటకం' అని పేరు పెట్టాను. ఆయన ఎక్కడ గొంతు తగ్గిస్తాడో, ఎక్కడ ఆగి జేబురుమాలు తీస్తాడో అన్నీ వెటకారంగా రాశాను. చదివి నవ్వుకున్నానని నువ్వు రాశావు. నువ్వు నవ్వావంటే నాకు ఎంత ధైర్యం వచ్చిందో! మనిద్దరం ఒకవైపు, ఆయన ఒకవైపు. పిట్ట పోయాక నాకు మిగిలింది అదొక్కటే అనిపించేది.

ఇక ఇన్నాళ్ళూ దాచింది రాస్తాను.

పోయిన చలికాలంలో ఒకరోజు బేకరీలో వేడి ట్రే తగిలి అరచెయ్యి కాలింది. మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చాను. వంటింట్లో నేల మీద, అలమరకు వీపు ఆనించి మీ నాన్న కూర్చుని ఉన్నాడు. మళ్ళీ తాగుతున్నాడు, దొరికాడు అనుకున్నాను. నిజం చెప్పనా, లోపల ఎక్కడో సంతోషించాను. కానీ చేతిలో గ్లాసు లేదు, సీసా లేదు. నోట్లో సన్నటి స్ట్రా ఉంది. రెండో చేత్తో ముక్కు గట్టిగా మూసుకున్నాడు.

నీకు గుర్తుందా, పిట్టకు ఈ జబ్బని మొదట తెలిసినప్పుడు ఆసుపత్రిలో నర్సు మనందరికీ తలా ఒక స్ట్రా ఇచ్చింది. "ముక్కు మూసుకుని దీంతోనే ఊపిరి తీసి చూడండి, మీ పాపకు ఆయాసం వస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది" అంది. నేను చేశాను. నువ్వు చేశావు, చేసి ఏడ్చావు. మీ నాన్న మాత్రం "నాకెందుకమ్మా ఈ ఆటలు" అని నవ్వి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ ఆట ఆయన ఇప్పుడు ఆడుతున్నాడు. మొహం కందిపోయింది. మెడ నరాలు తాళ్ళలా పైకి లేచాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా ముక్కు వదలడు. ఇక ఆగలేక వదిలేసి, నోరు తెరిచి గాలి మింగి, "నీకు ఇంతకంటే ఎక్కువసేపు కదా పిట్టమ్మా, చాలా ఎక్కువసేపు కదా" అన్నాడు. మళ్ళీ స్ట్రా నోట్లో పెట్టుకున్నాడు. అక్కడ నేనున్నానని ఆయనకు తెలియదు. ఆ వంటింట్లో స్తోత్రం అనేవాళ్ళు ఎవరూ లేరు. తెల్లచొక్కా కూడా లేదు, పని బనియనే.

లోపలికి వెళ్ళి ఆ చెయ్యి లాగెయ్యాల్సింది. వెళ్ళలేదు. పట్టు, ఇంకాసేపు పట్టు అనుకుంటూ తలుపు చాటున నిలబడ్డాను. నీ తల్లి ఎలాంటిదో నీకు తెలియాలి.

చూడలేక మళ్ళీ వీధిలోకి వెళ్ళి, చెప్పులు టపటపలాడిస్తూ తిరిగి వచ్చాను. ఆయన కప్పులు కడుగుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి చూసి కంగారుపడి, చెప్పులు కూడా వేసుకోకుండా మందుల షాపుకు పరుగెత్తాడు. నేను కుర్చీలో కూర్చునేలోపు ఆయింటుమెంటుతో వగరుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎంత తొందరగా వచ్చాడో తెలుసా! అంత దగ్గరరా ఆ షాపు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ట్యూబు లాక్కున్నాను.

ఆ వారమే నీకు ఉత్తరం రాశాను. 'మీ నాన్న నాటకం బాగా రక్తి కడుతోంది' అని రాసింది ఆ ఉత్తరంలోనే. చూసి కూడా రాశాను. కాలిన చేత్తో, అక్షరాలు వంకరగా పోతున్నా పట్టుబట్టి రాశాను. ఆయన ఏడుపు అబద్ధమైతే నా కోపం నిజమవుతుంది. ఆయన నిజంగా మారితే నేను ఇన్నాళ్ళూ ఎవరి మీద కోపంతో పళ్ళెం దాటిస్తున్నట్టు? తాగి గుమ్మం ముందు పడుకున్న మనిషి మీద. ఆ మనిషి ఇప్పుడు లేడు. అది నేను భరించలేకపోయాను. నువ్వు కూడా ఆయన వైపు వెళ్ళిపోతావని భయపడ్డాను.

నీ ఉత్తరం వచ్చాక, సంఘం నుంచి నడిచి వస్తుంటే ఆయన్ని ఒక మాట అడిగాను. పిట్ట పోయాక నా అంతట నేను పలకరించడం అదే మొదలు. ఆయన ఉలిక్కిపడి ఆగిపోయాడు.

"శాంతి వచ్చిందని చెప్పారుగా అందరిముందూ. వచ్చిందా?"

"రాలేదు."

"మరెందుకు చెప్తున్నారు?"

"వచ్చిందని చెప్తేనే కదే, అక్కడ కూర్చున్నవాళ్ళలో ఒక్కడైనా మానేసేది" అన్నాడు. కొంచెం దూరం నడిచాక మళ్ళీ తనే, "నాకెందుకు రావాలి? వస్తే నేనే ఒప్పుకోను" అన్నాడు.

పాస్టరుగారికి ఈ మాట చెప్పలేదు. చెప్తే ఆ మంచి మనిషి ఇంకొకసారి 'నాకు తెలీదు' అనాల్సి వస్తుంది. పశ్చాత్తాపపడిన మనిషి నా ఇంట్లోనే ఉన్నాడు, కళ్ళారా చూశాను. ఆశీర్వాదం మాత్రం మా వీధిలోకి వచ్చిన గుర్తు కూడా లేదు.

ఆ రోజే, ఇంటికి వచ్చాక, పాప పుట్టిన సంగతి ఆయనకు నేనే చెప్పాను. ఎవరి పోలిక అని అడగలేదు. ఎంత బరువుందని అడగలేదు. "ఊపిరి బాగా తీస్తోందట కదా?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా లోపలికి వచ్చేశాను. అప్పటినుంచి రోజూ పనికి వెళ్ళేముందు గుమ్మంలో ఒక నిమిషం ఆగుతున్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఆగుతున్నాడని తెలిసినా చెప్పడం లేదు.

కాబట్టి పెద్దోడా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. మీ నాన్న మారాడు. నిజంగా మారాడు. నీతో అబద్ధం ఆడింది నేను. ఆ మనిషికి కొడుకు నుంచి ఒక్క మాట కూడా రాకుండా చేసింది నేనే. పశ్చాత్తాపపడటానికి నా దగ్గర ఏముందని పాస్టరుగారిని గొప్పగా నిలదీశాను కదా, ఇప్పుడు నాకూ ఒకటి దొరికింది. నీ ముందు ఒప్పుకుంటున్నాను. పై వాక్యం రాసి, కలం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను, నాలో ఏమైనా తేలికపడుతుందేమోనని. వీధిలో చెత్త బండి వచ్చి వెళ్ళింది. ఇంకేం జరగలేదు. ఒప్పుకోవడం వేరు, కోపం పోవడం వేరు. నా కోపం ఎక్కడుందో అక్కడే ఉంది. ఈ నెల కూడా పళ్ళెం దాటిస్తాను.

నువ్వు మాత్రం ఆయన్ని పిలువు. నా ద్వారా కాదు, నువ్వే ఫోన్ చేసి "నాన్నా, రా" అను. పాప ఊపిరి బాగా తీస్తోందని ఆ మాట కూడా నువ్వే చెప్పు, నాకు నోరు రాదు. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అద్దాలు కొయ్యనివ్వడం లేదు, బిగించాక అంచులకు లప్పం పూసే పనే ఇస్తున్నారు. పాప తల మీద పెట్టినప్పుడు ఆ చెయ్యి వణికితే కోడలిని భయపడొద్దను. శాంతి లేని మనిషి చేతిలో దీవెన ఉంటుందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం అది పాపకు అందాలి.

నేను రాను. నాకు ఒంట్లో బాగాలేదని మీవాళ్ళకు చెప్పు. అసలు సంగతి నీకొక్కడికే రాస్తున్నాను. చెయ్యి పెట్టేముందు ఆయన ఒక్కసారి నా వైపు చూస్తాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు తీసుకోవాలన్నా నా మొహం చూసి తీసుకునే మనిషి. ఆ రోజు నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది చూశాడంటే, పాప తలదాకా వచ్చిన చెయ్యి వెనక్కి తీసేసుకుంటాడు.

ఇట్లు,
నీకూ పిట్టకూ
అమ్మ